నీలం అట్ట మీద బంగారు ఓడ

ఒరే అబ్బాయ్, ఆ ఫోను కాసేపు పక్కన పడేసి ఇలా అరుగు మీదకి రా. నీకేం తొందర లేదని నాకు తెలుసు. ఆఖరి పంటు వెళ్ళిపోయింది, ఈ రాత్రికి నువ్వు నరసాపురం దాటేది లేదు. చలేస్తుంటే ఆ కొబ్బరి డొక్కలు నాలుగు మంటలో వెయ్యి. ఊఁ, ఇప్పుడు కూర్చో.

ఇందాక పంటు మీద నిలబడి గోదావరిని ఫొటోలు తీశావటగా. ఆ నరసాపురం ఏట్లోకి 1614లో ఇంగ్లీషువాళ్ళ సముద్రపు ఓడ ఒకటి మరమ్మతుకని వచ్చింది. ఓడ పేరు గ్లోబ్. ఆ సంగతంతా లండనులో అచ్చయిన పుస్తకంలో ఉంది. నీకు తెలీదు కదూ? తెలీకపోవడం నీ తప్పు కాదులే. కొలంబస్ ఏ సంవత్సరంలో బయల్దేరాడో బళ్ళో బట్టీ పట్టిస్తారు, వాస్కో డ గామా ఏ రేవులో దిగాడో పరీక్షల్లో అడుగుతారు. మన సఖినేటిపల్లి రేవుకి ఎదురుగట్టున ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నారు పెద్దలు.

నాకు మాత్రం చెప్పినవారున్నారు. ఆయన నరసాపురంలో ఒక ప్లీడరుగారు. పేరెందుకులే, ఆయన మనవలు ఇంకా ఉన్నారు. ఆయన దగ్గరికి నేనెలా చేరానంటే, మా నాన్నగారికి పక్క తోటవాళ్ళతో సరిహద్దు తగాదా ఉండేది. రెండు కొబ్బరి చెట్లు ఎవరి గట్టులో ఉన్నాయన్నదే గొడవ. ఆ రెండు చెట్ల కాయలు పదేళ్ళు అమ్మినా రానంత డబ్బు కోర్టు ఫీజులకి పోశారు ఇద్దరూ. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. మా నాన్నగారు గెలిచారు.

వాయిదా పడ్డప్పుడల్లా నన్నూ వెంటపెట్టుకెళ్ళేవారు. ఆ రోజుల్లో మాకు నరసాపురం వెళ్ళడమంటే పండగ. రైలూ, సినిమా హాలూ, లేసు కొట్లూ, బట్టల కొట్లూ అన్నీ అవతలి గట్టునే. రేవు దాటడానికి అణా. పంటు నిండితే గాని కదిలేది కాదు. ఈలోపు అందరూ సరంగుని బాబూ నాయనా అని బతిమాలుకునేవారు, ఒక ముంత కల్లు కూడా పోయిస్తామనేవారు. అవతల దిగాక వాడి మొహం చూసినవాడుంటే ఒట్టు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మా రేవులోనే పుట్టిందని మా నాన్నగారు గట్టిగా నమ్మేవారు.

అదలా ఉంచు. ప్లీడరుగారింట్లో కక్షిదార్లు కూర్చునే వసారా దాటితే లోపల గది. అందులో అద్దాల బీరువా. మొదటి రెండు అరల్లో లా రిపోర్టులు. అవి అందరికీ కనపడేవి. కింది రెండు అరల్లో నీలం రంగు గుడ్డ బైండు పుస్తకాలు. ప్రతి పుస్తకం అట్ట మీదా బంగారు ముద్రతో తెరచాపలెత్తిన ఓడ బొమ్మ. చిన్నవాణ్ణి కదా, నా కళ్ళు ఆ ఓడ మీదే ఉండేవి. ఆయన కనిపెట్టారు. కోప్పడలేదు. నూతి దగ్గరికి పంపి చేతులు కడుక్కు రమ్మన్నారు. తువ్వాలుతో తుడుచుకున్నాక అరచేతులు తిప్పి చూశారు. చాప మీద కూర్చోబెట్టి, ముందు వ్యాసపీఠం పెట్టి, దాని మీద పుస్తకం విప్పారు. వేలికి ఉమ్ము తడి చేసుకుని పేజీ తిప్పితే మాత్రం ఆయనకి ఎక్కడలేని కోపమూ వచ్చేది. పై మూల పట్టుకుని, కాగితం కిందకి వేలు పోనిచ్చి, మెల్లిగా తిప్పాలి. ఇప్పటికీ నేనలాగే తిప్పుతాను. నువ్వు క్యాలెండరు కాగితం చింపడం చూస్తే నాకు గుండె చివుక్కుమంటుంది.

ఆ ఓడ కథ చెప్తాను. దాని పేరు విక్టోరియా. మెగెల్లాన్ 1519లో అయిదు ఓడలతో స్పెయిను నుంచి బయల్దేరితే, భూమిని చుట్టి 1522లో ఇంటికి చేరింది అదొక్కటే. దాంట్లో మిగిలినవాళ్ళు పద్దెనిమిదిమంది. మెగెల్లాన్ దార్లోనే పోయాడు. ఆ ఓడ బొమ్మని గుర్తుగా పెట్టుకున్నది హక్లూయిట్ సొసైటీ అనే సంస్థ. లండనులో 1846లో పెట్టారు. పాత యాత్రికుల రాతప్రతులూ, దొరకని పుస్తకాలూ వెతికి, వివరణలు చేర్చి అచ్చువేసి, చందాదార్లకి పంపడం దాని పని. రిచర్డ్ హక్లూయిట్ అని ఎలిజబెత్ రాణి కాలంనాటి ఆయన పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ సముద్రయాత్రలన్నీ పోగుచేసి 1589లో పెద్ద గ్రంథం వేసిన మనిషాయన. ఆయన మాత్రం పారిస్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఊళ్ళు తిరిగేవాడు వేరు, తిరిగినవాళ్ళ మాటలు దాచేవాడు వేరు. ఇద్దరూ కావాలి.

చందా సాలుకి ఒక గినీ. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. రూపాయికి పదహారు పెన్నీల లెక్కన పదిహేను రూపాయల పన్నెండు అణాలు. నీకిది ఇప్పుడొక టిఫిన్ ఖర్చు కూడా కాదు. 1905 ప్రాంతాల్లో పల్లెటూరి బడిపంతులికి నెలకి అంత జీతం వచ్చేది కాదు. ప్లీడరుగారి తండ్రిగారు అంత పోసి ఆ నీలం పుస్తకాలు తెప్పించేవారు. భార్యకి మాత్రం సగం ధరే చెప్పేవారట. ఆవిడ అది నమ్మినట్టే ఉండేవారట. పుస్తకాల పిచ్చి ఉన్న ఇళ్ళల్లో కాపురాలు ఈ సర్దుబాటు మీదే సాగాయి.

ఆ 1905లో వచ్చిన పుస్తకమే నా జీవితానికి దారి చూపించింది. రాసినవాడు థామస్ బౌరీ అనే ఓడ వ్యాపారి. 1669 నుంచి పదేళ్ళు బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలన్నీ తిరిగి, చూసిందంతా రాసిపెట్టుకున్నాడు. రెండు వందల పాతికేళ్ళు అది రాతప్రతిగానే ఉండిపోయింది. రిచర్డ్ టెంపుల్ అనే దొర సరిచూసి అచ్చువేయించాడు. దాంట్లో మన నరసాపురం ఉంది. నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది. అక్కడ ఇంగ్లీషు కంపెనీవాళ్ళ కొఠీ ఉండేది. ఆ ఊరి పేరుతో నేత గుడ్డ ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లీషు వర్తకులు ఏటా తమ ఓడలు మన గట్టునే కట్టించుకునేవారని బౌరీ రాశాడు. బాగా ఎదిగిన కలప కావలసినంత ఉందని, తీరం మొత్తం మీద మేలైన ఇనుము ఇక్కడే దొరుకుతుందని, మేకులూ లంగర్లూ ఏది చెప్పినా ఇక్కడి కమ్మరులు నేర్పుగా చేసిపెడతారని, ఓడలు కట్టే మేస్త్రీలు చాలామంది ఉన్నారని చెప్పాడు.

విన్నావా? ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు చూడు. లండను వర్తకుడు ఓడ కావాలంటే వెతుక్కుంటూ వచ్చిన గట్టు అది. మొదటిసారి ఆ పేజీ చదివి పంటెక్కితే నాకు నీళ్ళు కనపడలేదు. గట్టు పొడుగునా పక్కటెముకలు తేలిన ఓడలే కనపడ్డాయి.

ఆ పుస్తకంలో బౌరీ సొంతంగా గీసిన బొమ్మలున్నాయి. మసులా పడవ, తెప్ప, ఇంకా రకరకాల నావలు. మసులా పడవలో ఇనప మేకు ఒక్కటీ ఉండదు. పలకని పలకకి ఆనించి కొబ్బరి నారతో కుడతారు. అల కొట్టినప్పుడు పడవ వొంగుతుంది గాని విరగదు. దొరల గట్టి పడవలు మన తీరపు అలలకి పగిలిపోతుంటే, సరుకులూ దొరలూ కూడా ఈ కుట్టు పడవల్లోనే గట్టుకి చేరేవారు. మనం కాళ్ళు తుడుచుకునే పట్టాలు నేసే ఆ నారే, బాబూ.

ఇంకో ముచ్చట చెప్తాను, నవ్వుకో. ఈ బౌరీ, తోటి నావికులు కలిసి, ఈ దేశపువాళ్ళు తాగే భంగు సంగతేవిటో తేల్చుకుందామని బజార్లో ఆరు పెన్నీలది కొనిపించారు. తలుపులన్నీ వేయించి, ఎవరూ వీధిలోకి పోయి పరువు తీయకుండా కట్టుదిట్టం చేసుకుని, తలో గ్లాసూ తాగారు. ఒకడు కూలబడి మధ్యాహ్నమంతా ఏడ్చాడు. ఒకడు భయపడిపోయి పెద్ద జాడీలో తల దూర్చి గంటల తరబడి అలాగే ఉండిపోయాడు. కొందరు తివాచీ మీద పడుకుని ఒకరినొకరు మహారాజా చక్రవర్తీ అని పొగుడుకున్నారు. ఒకడు వసారా స్తంభంతో దెబ్బలాడి వేళ్ళ కణుపుల మీద తోలు లేకుండా చేసుకున్నాడు. బౌరీ మాత్రం చెమటలు కక్కుతూ కూర్చున్నాడట. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వాళ్ళ వ్యవహారం. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి మనుషులు అంత దగ్గరగా కనపడతారు ఈ పుస్తకాల్లో. చరిత్ర పాఠంలో ఎక్కడ దొరుకుతారు వీళ్ళు?

బౌరీ కథ అక్కడితో అవలేదు. 1913లో ఇంగ్లండులో వూస్టర్‌షైర్ అనే జిల్లాలో ఒక పాత బంగళాలో పాత పెట్టె ఒకటి తెరిస్తే, దాన్నిండా బౌరీ కాగితాలు. ఉత్తరాలు, ఓడ లెక్కలు, రసీదులు. అవన్నీ 1927లో హక్లూయిట్ వాళ్ళే మరో పుస్తకంగా వేశారు. ఈ పెట్టె సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ చెప్తాను.

ఏవిటి, గ్లోబ్ ఓడ సంగతి మరిచిపోయానా? మరిచిపోలేదు నాయనా, వస్తున్నాను. అది పీటర్ ఫ్లోరిస్ రాసుకున్న దినచర్యలో ఉంది. ఆయన డచ్చివాడు, కొలువు మాత్రం ఇంగ్లీషు కంపెనీలో. 1611లో మచిలీపట్నం వచ్చాడు. సయాం దాకా తిరిగి వచ్చేసరికి ఓడ అడుగు పాడైపోయింది. కొత్త పలకలు తాపడం చెయ్యాలి. నరసాపురం ఏట్లోకి తెద్దామంటే, మొగ దగ్గర నీళ్ళు చాలవు, ఓడ ఇసకలో కూరుకుపోతుందని బెదిరించినవాళ్ళు బెదిరించారు. తీరా కొలిచి చూస్తే ఓడకి కావలసినదాని కంటే ఒక అడుగు ఎక్కువే ఉంది. స్థానిక గవర్నరు దగ్గర కౌలు పుచ్చుకుని మరీ తెచ్చుకున్నారు. మన మొగలో నీటి లోతు ఇంతని 1614లో కొలిచి రాసిపెట్టిన కాగితం ఉందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పుస్తకం మోర్లాండ్ సంపాదకత్వంలో 1934లో వచ్చింది. ఫ్లోరిస్ 1615లో లండను చేరాడు. చేరిన కొద్ది కాలానికే పోయాడు.

డచ్చివాళ్ళని మరవకూడదు. పాలకొల్లులోనూ ద్రాక్షారామంలోనూ వాళ్ళ కొఠీలుండేవి. డేనియల్ హవార్ట్ అని, వాళ్ళ కంపెనీలో పనిచేసిన మనిషి కోరమాండల్ తీరం మీద తమ వ్యాపారం ఎలా లేచి ఎలా పడిందో 1693లో ఆంస్టర్‌డాంలో పుస్తకం వేశాడు. భీమేశ్వరుడి ఊరూ క్షీరారామలింగేశ్వరుడి ఊరూ ఆ రోజుల్లోనే డచ్చి అచ్చులోకి ఎక్కాయి. ఆ మొదటి ముద్రణ ప్రతి కొనే తాహతు నాకు ఏనాడూ లేదు. ఒకసారి కళ్ళారా చూడాలని మాత్రం ఇప్పటికీ ఉంది.

ఖరీదంటే గుర్తొచ్చింది. ఈ పుస్తకాలు పోగుచేసేవాళ్ళల్లో పెద్ద తలకాయలందరూ కెప్టెన్ కుక్ పుస్తకాల వెంట పడతారు. మూడు యాత్రలకి మూడు పుస్తకాలు, 1773, 1777, 1784. మొదటిది కుక్ చేత రాయించలేదు. ఆయన దినచర్య తీసుకెళ్ళి హాక్స్‌వర్త్ అనే రచయిత చేతిలో పెట్టారు. ఏనాడూ అలాంటి ఓడెక్కని ఆ పెద్దమనిషి, కుక్కే మాట్లాడుతున్నట్టు ‘నేను వెళ్ళాను, నేను చూశాను’ అని రాసి, తన తత్త్వాలు కూడా మధ్యలో దూర్చి, ఆరువేల పౌన్లు పుచ్చుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది! కుక్ అది చదువుకుని చాలా బాధపడ్డాడు, తర్వాతి యాత్ర తనే రాసుకున్నాడు. మూడోది వచ్చేనాటికి ఆయన లేడు, 1779లో హవాయిలో చంపేశారు. నాలుగున్నర గినీల ఖరీదు పెట్టినా ఆ మూడో పుస్తకం మూడు రోజుల్లో అమ్ముడైపోయింది. ఇప్పుడైతే పటాలన్నీ ఉన్న ప్రతికి మన ఊళ్ళో ఎకరాలు అమ్ముకోవాలి.

పటాలన్నీ ఉన్న ప్రతి అన్నాను చూడు, అసలు విద్య అక్కడే ఉంది. ఓడ ప్రయాణాల పుస్తకానికి ప్రాణం మడత పటాలు. పూర్వం వాటిని చింపి ఫ్రేములు కట్టించి గోడకి తగిలించే పాపిష్ఠి అలవాటుండేది. అంచేత కొనేవాడు ముందు బేరమాడకూడదు. బొమ్మల పట్టిక తీసి ఒక్కొక్క బొమ్మా దాని పేజీలో ఉందా లేదా చూడాలి. పటం విప్పి మడత విరిగిందా, వెనక ఎవరైనా అతికించారా చూడాలి. వెన్ను దగ్గర కుట్టు వదులైందా చూడాలి. అంచులు కొయ్యని పుస్తకమైతే, అంటే పేజీలు ఇంకా కలిసే ఉంటే, దాన్ని ఇంతవరకూ ఒక్కడూ చదవలేదని అర్థం. జమీందార్ల బంగళాల నుంచి వచ్చిన పుస్తకాలు చాలా అలాగే ఉండేవి. తోలు బైండు మీద బంగారు అక్షరాలతో పేరు వేయించుకున్నారు గాని, లోపల ఒక్క పేజీ కోసిన పాపాన పోలేదు. ఆ పుస్తకాలని చూస్తే నాకు జాలేసేది.

లండనులో పాత యాత్రల పుస్తకాలకి పేరుపడ్డ కొట్లుండేవి. ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్స్ అని 1855లో పెట్టినది అందులో ఒకటి. ప్లీడరుగారికి వాళ్ళ క్యాటలాగు ఓడ టపాలో వచ్చేది. అది చేరడానికి వారాలు, చదివి గుర్తులు పెట్టుకుని ఈయన ఉత్తరం రాస్తే అది చేరడానికి మళ్ళీ వారాలు. తీరా జవాబు వస్తే, మీరడిగిన పుస్తకం అమ్ముడైపోయింది, చింతిస్తున్నాము. ఆయనకి అలాంటి కార్డులు ఒక కట్ట ఉండేది. పారేయలేదు, వాటినీ వరసగా దాచుకున్నారు. భోజనం చేస్తూ కూడా క్యాటలాగు చదివేవారు. కూరలో ఉప్పు లేదన్న సంగతి మజ్జిగన్నంలోకి వచ్చాక తెలిసేది.

నేను పంతులు ఉద్యోగంలో చేరాక నా జీతానికి లండను ఎక్కడ? నాకు మద్రాసు మూర్ మార్కెట్టే లండను. సెంట్రల్ స్టేషను పక్కనే, 1900లో తెరిచిన ఎర్ర ఇటుకల కట్టడం. వేసవి సెలవుల్లో నరసాపురంలో రైలెక్కి వెళ్ళేవాణ్ణి. అక్కడ పాత పుస్తకాలవాళ్ళకి చదువు రాకపోయినా మన కళ్ళు చదవడం వచ్చు. మనకి ఏది కావాలో కనిపెట్టేస్తారు. అంచేత కావలసిన పుస్తకాన్ని నాలుగు అక్కర్లేనివాటి మధ్య పెట్టి, ముందు అక్కర్లేనివాటి బేరం ఆడి, చివర్లో ‘ఇదీ వేసెయ్యి’ అనాలి. బౌరీ పుస్తకం అలాగే దొరికింది నాకు. ముప్పై అయిదు చెప్పాడు, ఇరవైకి ఇచ్చాడు. అట్ట మీద బంగారు ఓడ కొంచెం మాసింది గాని లోపల బొమ్మలు ఒక్కటీ పోలేదు. ఆ ఇరవైతో ఇంట్లోకి బియ్యం వచ్చేవని మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. వినపడిందా లోపల్నుంచి, ఇప్పుడు కూడా ఏదో అంటోంది. ఆ మూర్ మార్కెట్టు 1985 మేలో తగలబడిపోయింది. పేపర్లో చదివి ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఇంతసేపూ దొరల పుస్తకాలేనా తాతయ్యా, మనవాళ్ళు ఊరు కదల్లేదా అని అడుగుతావని చూస్తున్నాను. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనుకునే రోజుల్లో, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయల్దేరారు. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ. తిరుగు ప్రయాణంలో గయ, కలకత్తా, పూరీ చూసుకుని, తీరం వెంట విశాఖపట్నం, రాజమహేంద్రవరం మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు. ఏ ఊళ్ళో బియ్యం దొరుకుతాయి, ఏ వాగు దాటడం కష్టం, ఎక్కడ బోయీలు మొండికేస్తారు, ఎక్కడ ధర ఎంత, అన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి ఉత్తరాలుగా రాశారు. 1836లో వీరాస్వామయ్యగారు పోతే, ఆ పిళ్ళైగారే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అని అచ్చువేయించారు. స్నేహమంటే అది! 1869లో మళ్ళీ వేశారు. తర్వాత అది దాదాపు కనుమరుగైతే, బెజవాడలో దిగవల్లి వేంకట శివరావుగారు, ఆయనా ప్లీడరే, వెతికి పట్టుకుని వివరణలు రాసి 1941లో మూడోసారి తెచ్చారు. మన తెలుగువాళ్ళకి హక్లూయిట్ సొసైటీ లేదు గాని, ఇలాంటి ఒక్కొక్క మనిషీ ఒక్కొక్క సొసైటీ పని చేశాడు. నా దగ్గర 1941 ప్రతి ఉంది. బౌరీ పక్కనే పెట్టాను, ఎంచేతంటే మన వీరాస్వామయ్యగారు బౌరీకి ఏం తీసిపోరు.

సముద్రం దాటిన ఆడవాళ్ళూ ఉన్నారు. పోతం జానకమ్మగారు 1871లో ఇంగ్లండు వెళ్ళొచ్చి చూసిందంతా తెలుగులో రాశారు. 1876లో దాని ఇంగ్లీషు పుస్తకం మద్రాసులో అచ్చయింది. ఓడెక్కితే కులం పోతుందని మగవాళ్ళే గుమ్మం దిగని కాలం అది. ఆ పుస్తకం ఎక్కడైనా అటక మీద దొరికితే, ఈ ముసలాడికి కబురు పెట్టు.

దొరికినవి దాచుకోవడం మన సీమలో ఎంత కష్టమో చెప్తే నీకు విసుగొస్తుంది, అయినా చెప్తాను. ఇక్కడ గాలిలోనే చెమ్మ. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతి వెళ్ళాక ఒకసారి, రోహిణికార్తెకి ముందు ఒకసారి, పుస్తకాలన్నీ దింపి నీడపట్టున గాలికి పెట్టాలి. ఎండలో పెడితే అట్ట పగులుతుంది. మధ్యమధ్య వస కొమ్ములు గుడ్డలో కట్టి పెట్టాలి, కలరా ఉండలు మూలల్లో వేయాలి. వెన్ను ఊడితే మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి అతకాలి, లేకపోతే ఆ మైదా కోసమే పురుగు వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పెడితే మటుకు బూజు ఖాయం. పసిపిల్లని సాకినట్టు సాకాలి వాటిని.

అంత సాకినా 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా ఇంటి పెంకులు ఎగరేసుకుపోయింది. నీకు ఊహ తెలీదు. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. తెల్లారి చూస్తే బీరువాలో పై అర నానిపోయింది. కరెంటు లేదు, ఫ్యానుల్లేవు. ఇంటిల్లిపాదీ కూర్చుని పేజీకీ పేజీకీ మధ్య పాత దినపత్రిక కాగితం పెట్టి, విసనకర్రలతో విసిరాం. కొన్ని బతికాయి. కొన్ని ముద్దలైపోయి గోదావరిలో కలిపేశాను. బౌరీ కింది అరలో ఉన్నాడు, బతికాడు.

ఆ తుఫాను తర్వాతే నాకు కోరంగి సంగతి బాగా అర్థమైంది. యానాం అవతల కోరంగిలో పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1789 డిసెంబరులో సముద్రం మూడు అలలుగా ఊరి మీదకి వచ్చి ఓడల్నీ మనుషుల్నీ ఊడ్చుకుపోయింది. మిగిలినవాళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నారు. 1839 నవంబరులో ఇంకో తుఫాను, మళ్ళీ ఉప్పెన. ఆ తర్వాత పూడికకి రేవే మూసుకుపోయింది. ఈ సంగతులు మనకి నావికుల రాతల్లోంచీ, తుఫానుల లెక్కలు కట్టినవాళ్ళ పుస్తకాల్లోంచీ తెలిశాయి. పోయినవాళ్ళ ఇళ్ళల్లో కాగితం ముక్క మిగల్లేదు.

ఇంతకీ నా బాధ ఏవిటంటే, అబ్బాయ్, ఓడ అమ్మినవాడి పేరుంది, కొన్నవాడి పేరుంది, ఎక్కినవాడి పేరుంది. నరసాపురం గట్టున ఆ ఓడని కట్టిన వడ్రంగి పేరు నేను చదివినంతలో ఎక్కడా లేదు. లంగరు చేసిన కమ్మరి పేరు లేదు. పలకలకి నార కుట్టినవాడి పేరు లేదు. మనవాళ్ళు పని చేశారు గాని రాసుకోలేదు. వాళ్ళ చేతిపని గురించి మిగిలిన సాక్ష్యం పరాయివాడి పుస్తకంలో రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల కోసమే నేను ఇన్నేళ్ళు ఈ పుస్తకాలు పోగుచేశాను. కొండని తవ్వి ఎలుకని పట్టాడని ఊళ్ళో అన్నవాళ్ళున్నారు. నాకది ఎలక కాదు.

ఇప్పుడు నీకు చాలా సులువు. 1905 బౌరీ పుస్తకం ఆ ఫోనులోనే దొరుకుతుంది, డబ్బు కూడా పెట్టక్కర్లేదు. నరసాపురం పేజీలు ముందు చదువు, భంగు పేజీలు తర్వాత చదువు. నువ్వు ముందు ఏవి చదువుతావో నాకు తెలుసులే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, ఇంగ్లండులో బౌరీ కాగితాల పెట్టె. మన సీమలో అలాంటి భోషాణాలు ఎన్ని లేవు? పాత మండువా ఇళ్ళు పడగొట్టి మేడలు కడుతున్నారు కదా. అటక మీద కాగితాలన్నీ మూటకట్టి కిలోల లెక్కన అమ్మేస్తున్నారు. అందులో రంగూను వెళ్ళొచ్చిన తాతల ఉత్తరాలుండొచ్చు, పడవ లెక్కలుండొచ్చు, ‘వెల రు. 1-4-0’ అని వేసిన పుస్తకాలుండొచ్చు. రాజమండ్రిలో 1898లో వాసురాయ గ్రంథాలయంగా మొదలైన గౌతమీ గ్రంథాలయం ఉంది. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. ఇలాంటివి వాళ్ళకి చేరిస్తే నూరేళ్ళు నిలుస్తాయి. మీ అమ్మమ్మగారి ఇల్లు వచ్చే వేసవిలో పడగొడతారని విన్నాను. పాత కాగితాలవాణ్ణి కేకేసే ముందు నాకొక మాట చెప్పు. ఆ అటక నేనొచ్చి చూస్తాను.